సీటు కింద జానెడు వైరు

3-10-2006, మంగళవారం

నిన్న దసరా. ఇవాళ బండి స్టార్ట్ కాలేదు.

ఈ డైరీ పురుగుమందుల కంపెనీ వాళ్లు పత్తి రైతులకి పంచింది. నేను రైతుని కాను. అయినా ఒకటి చంకలో పెట్టుకొచ్చాను. ఏడో క్లాసు దగ్గరే ఆగినవాడివి నీకు డైరీ ఏందయ్యా అంది కోటిరత్నం. నీ వంటల గురించి రేపు కోర్టులో సాక్ష్యం కావాలిగా అన్నాను. అట్లకాడ విసిరింది. తగల్లేదు. పెళ్లయినప్పటినుంచీ ఆమె గురి అంతే.

బండి అంటే మా జిన్నింగ్ మిల్లులో చిన్న లోడర్. ట్రాక్టర్‌లో సగం ఉంటుంది. పత్తి కుప్పల్ని తోయడం, గింజలు లారీల్లోకి ఎత్తడం దాని పని. దాన్ని నడపడం నా పని. ముందు బకెట్. బకెట్‌ని మోసే రెండు ఇనప చేతులు నా తలకి అటొకటి ఇటొకటి. పక్కన తలుపు లేదు. ఎక్కాలన్నా దిగాలన్నా ముందునుంచే, బకెట్ దాటి, ఆ చేతుల మధ్యలోంచి దూరాలి. కూర్చున్నాక రంగులరాట్నంలో లాగా ఒళ్లోకి ఒక బార్ దించుకోవాలి. సీట్లో మనిషి లేకపోయినా, బార్ దించకపోయినా అది స్టార్ట్ కాదు. నడుస్తుండగా బార్ ఎత్తామా, బండి ఆగి, ఇనప చేతులు ఎక్కడివక్కడ బిగుసుకుంటాయి. అంత మర్యాదస్తురాలు.

నిన్న ఆయుధపూజలో దానికే పెద్దపీట వేశాం. అనంతపద్మనాభం పంతులుగారు పసుపు నీళ్లు చెంబుడు చల్లారు. సీటు అంచుమీదే కొబ్బరికాయ కొట్టారు. ఇవాళ తాళం తిప్పితే లైట్లు వెలిగాయి, హారన్ మోగింది. సెల్ఫ్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

బ్యాటరీ అనుకున్నాను. టెర్మినల్స్ మీద తెల్లగా పూసింది. వేడినీళ్లతో కడిగి, బిగించి, వాజలైన్ రాశాను. సాయంత్రానికి స్టార్ట్ అయింది. మెకానిక్ చెంచురామయ్య అని నన్ను నేనే పిలుచుకుంటూ మిల్లంతా తిరిగాను.

5-10-2006

మెకానిక్ చెంచురామయ్య పరువు పోయింది. మళ్లీ అదే తంతు. ఈసారి టక్, టక్, టక్ అని చప్పుడు. అంతకుమించి లేదు.

మేనేజర్ రామకాంత్ గారు ఆటో ఎలక్ట్రీషియన్ నాగూర్ వలిని పిలిపించారు. వాడూ నేనూ ఒకే ఈడు. వాడొచ్చేసరికి తడి దూదిని ఇడ్లీ రేకుల్లో నొక్కి, పైన అల్లం పచ్చడి వేసి సిద్ధంగా ఉంచాను. పొద్దున్నే ఏం తిని వచ్చావో, కాస్త టిఫిన్ చెయ్యరా అన్నాను. కొరికాడు. తర్వాత నా వంశంలో ఎవరినీ వదల్లేదు. రసూల్‌బీ, మిగతా ఆడకూలీలు పత్తి తట్టలు పక్కన పెట్టి మరీ నవ్వారు.

ఎర్త్ వైరు లూజు. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి వెళ్లే నల్ల వైరు పెయింట్ మీద బిగించి ఉంది. ఇనుమూ ఇనుమూ తాకితేనే కదరా కరెంటు పారేది, మధ్యలో ఈ రంగేంది నీ మొహానికి పౌడర్లాగా అన్నాడు. గరుకు కాగితంతో గీకి బిగించాడు. ఒక్క తిప్పుకి అందుకుంది.

9-10-2006

కొత్త రోగం. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. గతుకు వస్తే చాలు, చచ్చినట్టు పడుకుంటుంది. సీటు మీద ఎగిరి కూర్చుంటే మళ్లీ స్టార్ట్ అవుతుంది.

సీటు కింద స్విచ్ ఉందట. మనిషి బరువుకి నొక్కుకుంటుందట. మిల్లు కాటా మీద నిలబడితే నా బరువు పత్తి కుక్కిన బోరెం బస్తాలో సగం కూడా లేదు. అన్నా, నిన్ను అది మనిషి కింద లెక్కేయట్లేదు అంది రసూల్‌బీ. ఆ మాట సాయంత్రందాకా అందరూ వాడుకున్నారు. టీ కొట్టువాడు కూడా.

12-10-2006

రోగం దొరికింది. నాగూర్ వలి టెస్ట్ బల్బు పట్టుకుని వైరు వెంట వైరు వెతుక్కుంటూ సీటు కిందకి చేరాడు. అక్కడ ప్లగ్గు ఒకటుంది. సీటు స్విచ్, బార్ స్విచ్ రెండింటి వైర్లూ అందులోకే వస్తాయి. ఊడదీస్తే లోపల పసుపు ముద్ద. కొబ్బరినీళ్లు ఎండి అట్టకట్టాయి. పిన్నులకి పచ్చగా చిలుము పట్టి, గీకబోతే రెండు విరిగి చేతికొచ్చాయి.

పూజ దానికే ఎక్కువైందన్నమాట. పంతులుగారికి చెప్పొద్దురా, బాధపడతాడు అన్నాడు వలి.

అలాంటి ప్లగ్గు విజయవాడ నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలియదు. గేటు బయట పత్తి లారీలు హైవే దాకా నిలబడ్డాయి. రామకాంత్ గారు వాచీ చూసుకుని, అప్పటిదాకా స్విచ్‌లు వదిలేసి డైరెక్ట్ చేసెయ్ అన్నారు. వలి గొణిగాడు. అన్నీ డైరెక్టేగా, నీ స్కూటర్‌కి తాళం ఉందా అని ఆయన అడిగారు. వాడు సంచిలో చెయ్యి పెట్టాడు.

జానెడు ఎర్ర వైరు. రెండు కొసలు కలిపి టేపు చుట్టాడు. ఇక ఆ బండి దృష్టిలో సీట్లో ఎప్పుడూ మనిషి ఉన్నట్టే. బార్ ఎప్పుడూ దించి ఉన్నట్టే.

13-10-2006

ఇది భలే సుఖం. బార్ దించక్కర్లేదు. అసలు కూర్చోనక్కర్లేదు.

ఆడవాళ్లు సద్దులు తినే వేళకి బకెట్ పక్కన నక్కి, చెయ్యి లోపలికి చాపి తాళం తిప్పాను. ఖాళీ సీటుతో బండి గుర్రుమంది. రసూల్‌బీ ముద్ద నోట్లో పెట్టుకున్నది పెట్టుకున్నట్టే లేచి కాటా దగ్గరికి పరిగెత్తింది. నేను నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయాను. నీ పాడె కట్ట, నీ పిండం కాకులు కూడా ముట్టవు అని తిట్టింది. తిట్టి తనూ నవ్వింది.

18-10-2006, బుధవారం

ఒక లారీ డ్రైవర్ ఇవాళ ఒక మాట చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది.

గింజల లోడు కోసం వచ్చాడు. ఇంతకుముందు ఎక్కడో రాతి క్వారీలో పనిచేశాడట. అక్కడా ఇలాంటి బండే. అదీ డైరెక్టే. ఆపరేటర్ బకెట్ పైకెత్తి, ఇంజన్ ఆపకుండా, తువ్వాలు మర్చిపోయి మళ్లీ లోపలికి వంగాడట. మోచెయ్యి జారి, బకెట్ దించే పెడల్ మీద పడిందట. అంతే అన్నాడు. అంతే అంటే ఏంటని నేను అడగలేదు.  టీ గ్లాసు కింద పెట్టి లుంగీ బిగించుకుని వెళ్లిపోయాడు.

లోపల నా మోకాలి దగ్గర ఒక స్టిక్కర్ ఉంది. మనిషి బొమ్మ, నెత్తిమీద బకెట్, ఎర్రగీత. ఆ మనిషికి ఎప్పుడో పెన్నుతో మీసాలు గీశాను. రామకాంత్ గారిలా ఉండాలని. ఇవాళ చూస్తే నాలాగే ఉన్నాడు.

19-10-2006

ఎక్కేముందు పైకి చూశాను. దిగేముందు పైకి చూశాను.

23-10-2006

రామకాంత్ గారి దగ్గరికి వెళ్లి, సార్, ఆ వైరు తీయించండి, నాకు భయంగా ఉంది అన్నాను.

ఆయన నా మొహం చూశారు. క్లర్కుని చూశారు. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఈసారి ఎవరి మీద వేశావయ్యా ప్లాను అన్నారు. ఒట్టు సార్ అన్నాను. కిందటేడు నాచేత సీరియస్‌గా సంతకం పెట్టించావు గుర్తుందా, మిల్లు పిల్లికి లీవు కావాలని అన్నారు. క్లర్కు కళ్లు తుడుచుకుంటున్నాడు, నవ్వి నవ్వి.

నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. నోరు అలవాటు పడిపోయింది.

బయటికొస్తుంటే వెనకనుంచి అన్నారు. ప్లగ్గు రాగానే పెట్టిద్దాంలే, సీజన్ పోనీ. నీకు కుదరకపోతే మన మిల్లు లారీ నడిపే రంజాన్ ఉన్నాడు, ఖాళీగానే ఉన్నాడు.

31-10-2006

తుఫాను. నిన్నటినుంచి కుండపోత. యార్డులో పత్తి తడిస్తే మిల్లు మునిగినట్టే. పగలంతా కుప్పల్ని షెడ్డులోకి తోస్తూనే ఉన్నాను. కాళ్లు తడి, పెడల్ తడి. రబ్బరు చెప్పులు జారుతున్నాయి.

ఆ పెడల్ ఒకటే అన్నిటికీ. మడమతో నొక్కితే ఇనప చేతులు లేస్తాయి. వేళ్లతో నొక్కితే దిగుతాయి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నా కాళ్లకి అడ్డొచ్చేదీ అదే. బార్ ఎత్తగానే అదివరకు అది రాయిలా బిగుసుకుపోయేది. ఇప్పుడు ఎప్పుడు తాకినా మెత్తగా దిగుతుంది. పాము మీద కాలేసినట్టుంటుంది.

ప్రతిసారీ బకెట్ నేలకి ఆనించి, ఇంజన్ ఆపి దిగుతున్నాను. స్టార్ట్, ఆపు, స్టార్ట్, ఆపు. బ్యాటరీ దిగిపోతుంది, డీజిల్ ఎవడబ్బ సొమ్ము అని రామకాంత్ గారు గొడుగు కిందనుంచి కేకలు. ఆయన కేకలేసినప్పుడు ఆపకుండానే దిగాను. మూడుసార్లో నాలుగుసార్లో. దిగిన ప్రతిసారీ మెడ దానంతట అదే భుజాల్లోకి కుంచించుకుపోయింది. తాబేలు నయం, దానికి పైన చిప్ప ఉంది.

9-11-2006, గురువారం

 

ముందు ఇరుసుకి దూది చుట్టుకుంది. తరచూ జరిగేదే. బకెట్ మనిషెత్తు లేపి ఉంచితే ఆడవాళ్లు కిందనుంచి చేతులతో పీకుతారు. రసూల్‌బీ తట్ట పక్కన పెట్టుకుని కూర్చుని పీకుతోంది. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. అయిందన్నా అంది. తట్ట అక్కడే వదిలి, ఒళ్లు దులుపుకుంటూ ఇవతలికొచ్చింది. నేను సీట్లోంచి లేచాను. ఒక కాలు బయట పెట్టాను. రెండో కాలి వేళ్లు పెడల్ మీద పడ్డాయి.

చప్పుడు కూడా పెద్దగా రాలేదు. వెదురు తట్ట కాబట్టి. అప్పడంలా అయింది. బకెట్ రాసుకుంటూ పోయి నా లుంగీ అంచు చిరిగింది. నేను రెండు ఇనప చేతుల మధ్య, కమ్మీ పట్టుకుని, అలాగే ఉండిపోయాను.

 ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వారు. మళ్లీ మొదలెట్టాడ్రా చెంచురామయ్య అన్నారు. రసూల్‌బీ తట్ట తీసి చూసి, నా దగ్గరికొచ్చి, ఏందన్నా ఇది, పాములూ దెయ్యాలూ అని మమ్మల్ని భయపెట్టావు సరే, తట్ట మీద నీ ప్రతాపమేంది, కొత్త తట్ట నీ పెళ్లాం అల్లిద్దా అంది. కావాలని చేయలేదమ్మా అన్నాను. ఆహా, అదే దిగిందా, అది నీ మాట వినే బండి కదా అంది.

ఆమె చెయ్యి అక్కడ ఉండాల్సింది. తల ఉండాల్సింది. కాస్త ముందు అక్కడే ఉంది. ఆమెకి తెలియదు. నేను చెప్పినా నమ్మదు. ఖాళీ సీటుతో నేనే బండిని గుర్రుమనిపించాను కదా.

10-11-2006

వెళ్లలేదు. జ్వరమని చెప్పించాను. ఆ మాటా ఎవరూ నమ్మలేదట.

13-11-2006

కోటిరత్నానికి చెప్పాను. మొత్తం. స్టిక్కర్ దగ్గరనుంచి తట్ట దాకా. వింటూ వింటూ చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఆపింది. నువ్వు నిజం చెప్పేటప్పుడు మొహం ఎట్టా ఉంటదో నేనింతవరకూ చూళ్లేదయ్యా, ఇదేనా అది అంది. ఇదే అన్నాను. అయితే మానెయ్యి అంది. నేను మానేస్తే రంజాన్ ఎక్కుతాడు. వాడు బకెట్ కింద ఎవరున్నారో కూడా చూడడు. కింద కూర్చునేది అదే రసూల్‌బీ. ఆ మాట అంటే కోటిరత్నం ఈనెలన్నీ విదిలించి లేచిపోయింది.

తర్వాత నాగూర్ వలి దగ్గరికి వెళ్లాను. నువ్వే పెట్టావు, నువ్వే పీకెయ్యరా అన్నాను. పీకితే బండి ఆగిపోద్ది, ఆగితే మీ మేనేజరు నన్ను మళ్లీ గేటులోకి రానివ్వడు, నాకా మిల్లొక్కటే కాదు, ఆయన చెప్తే అన్ని మిల్లులూ పోతాయి అన్నాడు. ప్లగ్గు తెప్పించమను, అరగంటలో వేస్తా అన్నాడు. నాతో మాట్లాడేటప్పుడు టీ ముట్టుకోలేదు. అందులో ఏం కలిపానోనని.

18-11-2006

అమావాస్య వస్తోంది. ఆ రోజు గేటు దగ్గర దిష్టి గుమ్మడికాయ కొడతారు.

నాకు ఏడవడం రాదు. బతిమాలడం రాదు. వచ్చిన విద్య ఒకటే ఉంది.

20-11-2006, సోమవారం, అమావాస్య

పొద్దున్నే అనంతపద్మనాభం గారిని పట్టుకున్నాను. స్వామీ, ప్రతి నెలా మనిషి కొడుతున్నాడు, దిష్టి పోవట్లేదు. తుఫాను, లారీల ఆలస్యం, బండి రోగం. ఈసారి లోడరే కొడితే ఎట్టా ఉంటుంది అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. యంత్రమే యంత్రదోషం తీయడం సబబేనోయ్ అన్నారు. రామకాంత్ గారు కూడా సరే అన్నారు. ఫోటో తీయడానికి ఆఫీసు కెమెరా తెప్పించారు.

పత్తికి దూరంగా, గేటు ఇవతల మట్టిలో బండి నిలబెట్టాను. స్టార్ట్ చేసి, బకెట్ నేలకి ఆనించి దిగాను. అందరినీ వెనక్కి జరిపాను. నేనూ పక్కకి, దూరంగా వెళ్లాను. కుప్పలు కదిలించే పొడుగాటి వెదురు కర్ర తీసుకుని, ఏటవాలుగా చాపి, పెడల్ వెనక కొస నొక్కాను. బకెట్ లేచింది. ఖాళీ సీటు. ఈలలు వేశారు. సర్కస్ రా, సర్కస్ అన్నాడు క్లర్కు. మేనేజర్ గారు కూడా చప్పట్లు కొట్టారు.

పంతులుగారు గుమ్మడికాయకి కన్నం చేసి కుంకుమ నీళ్లు పోశారు. నేను నా మంకీ క్యాప్ తీసి దానికి తొడిగాను. బొగ్గుతో కళ్లు పెట్టాను. మీసాలు పెట్టాను. ఎవర్రా అది అంటే, ఆపరేటర్ చెంచురామయ్య గారండీ, తువ్వాలు మర్చిపోయి మళ్లీ వచ్చారు అన్నాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. కర్రతో దాన్ని దొర్లించాను, బకెట్ కిందకి. మనిషి ఎక్కేటప్పుడు సరిగ్గా ఎక్కడ నిలబడతాడో అక్కడికి.

పెడల్ ముందు కొస నొక్కాను.

కాయ పగిలిన చప్పుడు మెత్తగా ఉంది. ఎర్రనీళ్లు రామకాంత్ గారి ప్యాంటు దాకా చిందాయి. టోపీ బకెట్ అంచు కింద ఇరుక్కుంది, సగం బయటికి. అందులోంచి ఎర్రగా కారుతోంది.

నవ్వు ఒక పక్కనుంచి ఆగుతూ వచ్చింది. ముందు ఆగింది రసూల్‌బీ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా తట్ట, అంది. అంతే అంది.

సీట్లో ఎవరున్నారు సార్ అని అడిగాను. బార్ ఎవరు దించారు సార్.

ఆయన ప్యాంటు చూసుకుంటూ ఉండిపోయారు. పంతులుగారు మంత్రం మధ్యలో ఆపేశారు. ఇంజన్ మాత్రం నడుస్తోంది, ఎవరో ఉన్నట్టు.

కెమెరావాడు అప్పుడే ఫోటో తీశాడు. అందులో అందరి మొహాలూ ఎలా పడ్డాయో చూడాలని లేదు.

21-11-2006

రామకాంత్ గారు బండి నడపొద్దన్నారు. ఆడవాళ్లు తట్టలతో మోస్తున్నారు. ఒక్కరూ సణగలేదు. విజయవాడకి మనిషి వెళ్లాడు.

25-11-2006

ప్లగ్గు వచ్చింది. కొత్త సీటు స్విచ్ కూడా. నాగూర్ వలి ఎర్ర వైరు పీకి నా చేతిలో పెట్టాడు. తీసుకోరా, నీ జంధ్యం అన్నాడు. టీ పోయిస్తే తాగాడు. ముందు వాసన చూశాడులే.

పరీక్ష చేశాం. బార్ ఎత్తి తాళం తిప్పాను. కిక్కురుమనలేదు. బార్ దించాను. స్టార్ట్ అయింది. బకెట్ లేపి బార్ ఎత్తి, పెడల్ మీద కాలితో తన్నాను. కదల్లేదు. రాయి. ఇంత ముద్దొచ్చే రాయిని నేను చూడలేదు. రోజూ పొద్దున్నే మొదట బార్ ఎత్తి ఉంచి తిప్పి చూడాలి. స్టార్ట్ కాకపోతేనే ఎక్కాలి.

రసూల్‌బీ దూరంనుంచి చూసింది. ఇప్పుడు మనిషి లెక్కలోకొచ్చావా అన్నా అని అరిచింది. మెల్లిగా దగ్గరికొచ్చి ఇనప చెయ్యిని వేలితో తట్టి చూసింది, పొయ్యి మీద గిన్నెని తట్టినట్టు.

రాత్రి భోజనం పూర్తిగా తిన్నాను. కోటిరత్నం కూర గురించి ఏమీ అనలేదేందయ్యా అంది. కోర్టులో చెప్తాలే అన్నాను.

30-11-2006, గురువారం

రేపు వేటపాలెం ప్రయాణం. కోటిరత్నం చెల్లెలి కూతురు మాధురికి ఓణీల ఫంక్షన్. ఆదివారం దాకా రాలేం. నేను వచ్చేవరకు బండి రంజాన్ చూస్తాడు.

సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టి చూపించాను. బొజ్జకి బార్ దిగట్లేదు. ఊపిరి బిగబట్టి, లోపలికి లాక్కుని, అవస్థపడి దించాడు. ఊపిరి వదలగానే బార్ లేచింది, బండి ఆగింది. మళ్లీ. మళ్లీ ఆగింది. అన్నం మానెయ్యరా రెండు రోజులు అన్నాను. నువ్వు మానెయ్యన్నా నోరు, జీవితాంతం అన్నాడు. అందరూ నవ్వారు.

నేను కూడా నవ్వాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వు రావట్లేదు.

4-12-2006, సోమవారం

బార్ ఎత్తే ఉంది. తాళం తిప్పాను. స్టార్ట్ అయింది.

సీటు కింద చెయ్యి పెట్టాను. ఈసారి వైరు నల్లది.

రసూల్‌బీ కొత్త తట్టతో బకెట్ కిందకి వస్తోంది. ఆగమని అరిచాను. బాగుచేశారుగా అన్నా, ఇంకా ఏం నాటకాలు అంది. నవ్వుతూ వస్తూనే ఉంది. ఇంజన్ ఆపేశాను. వైరు పీకేశాను. రెండు కొసలూ తెగేదాకా పీకాను.

ఇంటికొచ్చేశాను. వైరు జేబులో ఉంది. వాకిట్లో రామకాంత్ గారి మోటార్‌సైకిల్ ఆగింది. కోటిరత్నం పిలుస్తోంది.

నవ్వకుండా చెప్పాలి.